తరగతిలో విద్యార్థుల చేత రాయించడానికి సోషల్ మీడియాను వాడడం ఎలా: ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

విద్యార్థుల చేత సోషల్ మీడియాలో రాయించాలనుకునే ఉపాధ్యాయులు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న ఏ యాప్ వాడాలన్నది. ఈ మార్గదర్శిలో ఆ ప్రశ్నకు జవాబు మూడో మెట్టులో వస్తుంది. అంతకంటే ముందు తేలవలసినవి రెండున్నాయి, వాటిని దాటవేసిన తరగతుల్లో గ్రూపులు రెండు మూడు వారాలకే శుభోదయం సందేశాలకు పరిమితమవుతాయి.

నోటుపుస్తకంలో రాసిన వ్యాసాన్ని చదివేది ఒక్క ఉపాధ్యాయుడే, అదీ మార్కులు వేయడానికి. తోటి విద్యార్థి చదివి "తర్వాత ఏమైంది?" అని అడిగినప్పుడు, రాసిన పిల్లవాడికి తన వాక్యంలో ఏది లోపించిందో తనంతట తానే తెలుస్తుంది. సోషల్ మీడియా నుంచి మనం తెచ్చుకోవలసింది ఆ ఒక్కటే, కింద చెప్పిన మెట్లన్నీ దాని కోసమే. ఈ సూచనలు ప్రధానంగా 6 నుంచి 12వ తరగతి వరకు బోధించే భాషా ఉపాధ్యాయులను దృష్టిలో ఉంచుకుని రాసినవి.

1. ఏమి రాయించాలో, ఎన్నాళ్ళు రాయించాలో ముందే నిర్ణయించుకోవడం

"పిల్లలకు రాయడం అలవాటు చేయాలి" అన్నది కోరిక మాత్రమే, దాన్ని పట్టుకుని పని మొదలుపెట్టడం కష్టం. "ఒక సంఘటనను చూడని వారికి కళ్ళకు కట్టేలా ఎనిమిది వాక్యాల్లో రాయగలగాలి" అన్నప్పుడు ఏ పని ఇవ్వాలో, ఏమి దిద్దాలో స్పష్టమవుతుంది. వర్ణన, అభిప్రాయం, విధాన వివరణ, కథ, పుస్తక సమీక్ష వంటి వాటిలో మొదటి విడతకు ఒకటే ఎంచుకోండి.

గడువు ఆరు వారాలు చాలు. ముగింపు తేదీ ముందే ప్రకటించిన పనిలో విద్యార్థుల ఉత్సాహం నిలుస్తుంది, పైగా ఏదైనా బెడిసికొడితే ఆపేయడానికి సాకులు వెతుక్కోనక్కరలేదు. వారానికి ఒక రచన, రెండు వ్యాఖ్యలు అన్నది అందరూ మోయగలిగిన బరువు.

2. వయసు, అనుమతులు

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి వేదికల నిబంధనల ప్రకారం ఖాతా తెరవడానికి కనీసం 13 ఏళ్ళు నిండాలి. కొన్ని దేశాల్లో చట్టం ఇంకా కఠినంగా ఉంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ళ లోపు వారికి ప్రధాన సోషల్ మీడియా వేదికల్లో ఖాతాలు ఉండకూడదు. కాబట్టి మీ దేశపు చట్టాన్నీ, మీ పాఠశాల నియమాలనూ ముందుగా చదవండి. తప్పుడు పుట్టిన తేదీ వేసి ఖాతా తెరవమని విద్యార్థికి ఏ పరిస్థితిలోనూ చెప్పకూడదు.

వయసు చాలని తరగతిలో మార్గం సులువే. ఖాతా ఒక్కటే ఉంటుంది, అది ఉపాధ్యాయుడి చేతిలో ఉంటుంది. విద్యార్థులు కాగితం మీద రాసి ఇస్తారు, ఉపాధ్యాయుడు పోస్టు చేసి, వచ్చిన వ్యాఖ్యలను తరగతిలో చదివి వినిపిస్తాడు. నిజానికి 13 దాటిన తరగతుల్లో కూడా మొదటి రెండు వారాలు ఇలాగే నడపడం మేలని నా అభిప్రాయం.

తల్లిదండ్రులకు పంపే అనుమతి పత్రం ఒక పేజీ దాటకూడదు. అందులో ఇవి ఉండాలి:

☐ ఏ వేదిక, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు
☐ విద్యార్థుల రచనలను ఎవరెవరు చూడగలరు
☐ పూర్తి పేరు, ఫొటో, ఫోన్ నంబరు బయటికి వెళ్ళవన్న హామీ
☐ అనుమతి ఇవ్వకపోయినా విద్యార్థికి మార్కుల్లో నష్టం ఉండదన్న మాట
☐ ఎప్పుడైనా అనుమతిని వెనక్కి తీసుకునే వీలు, అందుకు ఎవరిని కలవాలి
☐ గడువు ముగిశాక రచనలను ఏమి చేస్తారు

ప్రధానోపాధ్యాయుడి అనుమతి కూడా నోటిమాటగా వదిలేయకుండా రాతపూర్వకంగా తీసుకోండి.

3. వేదికను ఎంచుకోవడం

ఇక్కడ పాటించవలసిన క్రమం ఒకటుంది. మొదట తరగతి వరకే కనిపించే చోటు, తర్వాత పాఠశాల వరకు, ఆ తర్వాతే బయటి ప్రపంచం. నేరుగా మూడో దశకు దూకితే, పిల్లలు రాయడం మానేసి తమను ఎవరు చూస్తున్నారా అని లెక్కపెట్టుకోవడం మొదలుపెడతారు.

వాట్సాప్ గ్రూపు అందరికీ అలవాటైనదే గానీ, దానిలో రెండు చిక్కులున్నాయి. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరి ఫోన్ నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. సభ్యుడు పంపిన సందేశాన్ని ముందు అడ్మిన్ చూసి ఆమోదించే ఏర్పాటు కూడా లేదు కాబట్టి, పంపిన మరుక్షణం అందరికీ చేరుతుంది. అడ్మిన్ దాన్ని తర్వాత తొలగించగలడు, కానీ అప్పటికే స్క్రీన్‌షాట్లు తీసి ఉండవచ్చు. వాట్సాప్ తప్పనిసరైతే విద్యార్థుల నంబర్లకు బదులు తల్లిదండ్రుల నంబర్లతో గ్రూపు ఏర్పాటు చేసి, అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా సెట్టింగు మార్చండి. రచనలు మీ ద్వారానే గ్రూపులోకి వెళ్తాయి.

ప్యాడ్‌లెట్ వంటి గోడ తరహా వేదికలో (అందరి రచనలూ ఒకే తెర మీద చీటీలు అంటించినట్టు కనిపించే వెబ్‌సైటు) ప్రతి పోస్టునూ మీరు ఆమోదించాకే కనిపించేలా పెట్టవచ్చు, ఫోన్ నంబర్ల బెడద ఉండదు. ప్రారంభించే వారికి నేను మొదట సూచించేది ఇదే. పొడవైన రచనలకు బ్లాగర్ లేదా వర్డ్‌ప్రెస్‌లో తరగతి బ్లాగు అనువుగా ఉంటుంది, వ్యాఖ్యలను ఆమోదించే సదుపాయం అక్కడా ఉంది. గూగుల్ క్లాస్‌రూమ్‌ను సోషల్ మీడియా అనలేము గానీ, పాఠశాల ఇప్పటికే దాన్ని వాడుతుంటే దాని స్ట్రీమ్‌లోనే (ప్రకటనలు, వాటి కింద వ్యాఖ్యలు కనిపించే పేజీ) వ్యాఖ్యల అభ్యాసం మొదలుపెట్టవచ్చు.

ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ (పాత పేరు ట్విట్టర్) వంటివి పెద్ద తరగతులకు, అదీ ఉపాధ్యాయుడు నడిపే తరగతి ఖాతా రూపంలోనే సరిపోతాయి.

4. ఖాతా తెరిచిన రోజే చేయవలసిన పనులు

☐ మీ వ్యక్తిగత ఖాతాతో సంబంధం లేని ప్రత్యేక ఈమెయిల్‌తో ఖాతా తెరవండి.
☐ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి. పాస్‌వర్డ్ మరో ఉపాధ్యాయుడికి కూడా తెలియాలి.
☐ ఖాతాను ప్రైవేటుగా ఉంచండి. అపరిచితుల నుంచి నేరుగా సందేశాలు రాకుండా ఆపండి.
☐ వ్యాఖ్యలు మీ ఆమోదం తర్వాతే కనిపించేలా పెట్టండి. ఆ వీలు లేని చోట వ్యాఖ్యలను పూర్తిగా ఆపి, వాటిని తరగతిలో కాగితాల మీద రాయించండి.
☐ ప్రతి విద్యార్థికీ ఒక కలం పేరు ఇవ్వండి. ఏ పేరు ఎవరిదో తెలిపే జాబితా మీ దగ్గర మాత్రమే ఉండాలి.
☐ ఫొటోల్లో ముఖాలు, యూనిఫారం మీది బ్యాడ్జీ, పాఠశాల బోర్డు, ఇంటి నంబరు కనిపించకూడదు. కెమెరాలో లొకేషన్ నమోదయ్యే సెట్టింగును ఆపండి.

కలం పేరు విషయంలో ఒక మాట. దాన్ని ఎంచుకునే పనిని పిల్లలకే అప్పగించండి. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని విద్యార్థి కలం పేరు చాటున ధైర్యంగా రాయడం తరచుగా జరిగేదే. అయితే ఎవరు రాశారో ఉపాధ్యాయుడికి తెలుసన్న సంగతి అందరికీ గుర్తుండాలి, లేదంటే ఆ చాటు వెక్కిరింపులకూ పనికొస్తుంది.

5. రాయదగిన పని ఇవ్వడం

మొత్తం ప్రయత్నం నిలిచేదీ కూలేదీ ఇక్కడే. "పర్యావరణ పరిరక్షణ గురించి రాయండి" అని పోస్టు చేస్తే అందరూ ఒకే వ్యాసం రాస్తారు, ఒకరిది మరొకరు చదవవలసిన అవసరమే రాదు. ప్రతి విద్యార్థి జవాబూ వేరుగా ఉండక తప్పని ప్రశ్నే మంచి ప్రశ్న.

ఆరు వారాలకు సరిపడే పనులు ఇవి:

మొదటి వారం: "బడికి వచ్చే దారిలో ఈ మధ్య మారిన ఒక విషయాన్ని, ఆ దారిలో ఎన్నడూ నడవని మనిషికి అర్థమయ్యేలా ఐదు వాక్యాల్లో రాయండి."

రెండో వారం: తాము తీసిన ఒక ఫొటోకు వ్యాఖ్యానం. ఫొటోలో కనిపిస్తున్నదాన్ని మళ్ళీ చెప్పకూడదు. ఫొటో తీయడానికి ముందు జరిగినది, చట్రం అవతల ఉన్నది, వినిపించిన చప్పుడు వంటివే రాయాలి. ఫొటో తీసే వీలు లేనివారు బొమ్మ గీసి రాయవచ్చు.

మూడో వారం: తమకు బాగా వచ్చిన ఒక పనిని మరొకరికి నేర్పేలా వరుసగా రాయడం. చదివిన విద్యార్థి ఆ పని నిజంగా చేసి చూసి, ఎక్కడ ఆగిపోయాడో వ్యాఖ్యలో చెప్పాలి.

నాలుగో వారం: గొలుసు కథ. ఒక్కొక్కరు మూడు వాక్యాలు మాత్రమే చేర్చాలి. పాత్రను చంపకూడదు, "ఇదంతా కల" అని తేల్చకూడదు. ఈ రెండు నిషేధాలు లేకపోతే కథ నాలుగో విద్యార్థి దగ్గరే ముగిసిపోతుంది.

ఐదో వారం: 280 గుర్తుల్లో అభిప్రాయం. ఎక్స్‌లో ఉచిత ఖాతాకు 2017 నుంచి ఉన్న హద్దు ఇదే. అసలు ఖాతా లేకుండా కాగితం మీదనే ఈ అభ్యాసం చేయించవచ్చు. తెలుగులో ఈ లెక్క పిల్లలను తికమక పెడుతుంది కాబట్టి ముందే చెప్పండి: గుణింతపు గుర్తు, ఒత్తు వంటివి విడిగా లెక్కకు వస్తాయి. కంటికి ఒకే అక్షరంగా కనిపించే "స్త్రీ" ఆ లెక్కలో 6 గుర్తులు. అందువల్ల 280 గుర్తులంటే తెలుగులో దాదాపు ముప్పై, నలభై పదాలే. ఏ విశేషణం లేకపోయినా వాక్యం నిలుస్తుందో వెతుక్కోవడానికి ఇంతకు మించిన వ్యాయామం అరుదు.

ఆరో వారం: ఇంతవరకు రాసినవాటిలో ఒకదాన్ని, వచ్చిన వ్యాఖ్యలను దగ్గర పెట్టుకుని, మొదటి నుంచి తిరగరాయడం.

చారిత్రక వ్యక్తి పేరుతో పోస్టులు రాయించడం కూడా చాలామంది ఇష్టపడే పని. అది తరగతి గోడ మీదో, మూసి ఉంచిన గ్రూపులోనో మాత్రమే చేయించండి. బయటి వేదికలో మరొకరి పేరున ఖాతా తెరిస్తే దాన్ని మారువేషపు ఖాతాగా లెక్కగట్టి మూసివేయవచ్చు.

6. వారపు క్రమం: పోస్టు చేయడం చివరి పని

చాలా తరగతుల్లో విద్యార్థులు నేరుగా ఫోన్‌లోనే రాసి పంపేస్తారు. అలా చేసినప్పుడు మొదట తోచిన మాటే చివరి మాట అవుతుంది. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని సవరించడానికి 15 నిమిషాల వ్యవధి ఉన్నమాట నిజమే గానీ, అది అచ్చుతప్పు దిద్దుకోవడానికే చాలుతుంది. అందుకని క్రమం ఇలా ఉండాలి:

సోమవారం ప్రశ్న ఇచ్చి, దానికి మీరు స్వయంగా రాసిన జవాబును చదివి వినిపించండి. ఉపాధ్యాయుడు రాయని తరగతిలో పిల్లలు రాయడం కష్టం.

మంగళవారం తరగతిలోనే పదిహేను నిమిషాలు చిత్తుప్రతి రాయించండి. కాగితమైతే మంచిది, కొట్టివేతలు కనిపిస్తాయి.

బుధవారం జంటలుగా కూర్చోబెట్టి, ఒకరి రచనను మరొకరు బిగ్గరగా చదవమనండి. చదివేవాడు తడబడిన ప్రతి చోటా రాసినవాడు పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాడు.

గురువారం సవరించిన ప్రతి మీ చేతికి వస్తుంది. మీరు చూసేది మూడే విషయాలు: వ్యక్తిగత వివరాలు బయటపడుతున్నాయా, ఎవరినైనా నొప్పిస్తుందా, అర్థం కాని వాక్యం ఉందా.

శుక్రవారం పోస్టు చేయడం. శని, ఆదివారాలు వ్యాఖ్యలకు.

టైపు చేసేటప్పుడు వచ్చే తప్పులు వేరే రకం. ఆంగ్ల అక్షరాలు కొట్టి తెలుగు రప్పించుకునే కీబోర్డు న, ణ మధ్య, ల, ళ మధ్య తనకు తోచినదాన్ని ముందుకు తోస్తుంది, పిల్లవాడు మొదట కనిపించినదాన్ని నొక్కేస్తాడు. మాటలను రాతగా మార్చే సదుపాయం వాడితే విరామ చిహ్నాలు తరచుగా ఎగిరిపోతాయి. పోస్టు చేసే ముందు చిత్తుప్రతిని పక్కన పెట్టుకుని మాట మాటా సరిచూసుకోవడం అలవాటు చేయండి.

7. వ్యాఖ్య రాయడం విడిగా నేర్పడం

వ్యాఖ్యలు వాటంతట అవే వస్తాయనుకోవడం పొరపాటు. నేర్పకపోతే వచ్చేవి "సూపర్", "బాగుంది", వరుసగా చప్పట్ల బొమ్మలు. వాటివల్ల రాసినవారికి కాసేపు సంతోషం కలుగుతుందే గానీ, తర్వాతి వాక్యం మెరుగుపడదు.

ఒక విద్యార్థి రచన ఇలా ఉందనుకుందాం: "మా తాతయ్య రేడియోలు బాగు చేస్తాడు. ఆయన చాలా మంచివాడు. నాకు ఆయనంటే చాలా ఇష్టం." దీనికి పది "సూపర్"లు వచ్చినా ఇది ఇలాగే ఉంటుంది. ఎవరైనా "పాడైన రేడియో చేతికి రాగానే ఆయన ముందుగా ఏం చేస్తాడు?" అని అడిగితే, రెండో ప్రతి ఇలా రావచ్చు:

"రేడియో చేతికి రాగానే తాతయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. లోపల ఏదైనా గలగలమంటే 'మర ఊడింది, పది నిమిషాల పని' అంటాడు. ఏ చప్పుడూ రాకపోతే ఏమీ మాట్లాడకుండా కళ్ళజోడు కోసం లోపలికి వెళ్తాడు."

రెండో ప్రతిలో "మంచివాడు", "ఇష్టం" అన్న మాటలు లేవు, వాటి అవసరం తీరిపోయింది. ఈ రెండు ప్రతులనూ నల్లబల్ల మీద పక్కపక్కన రాసి, ఏ ప్రశ్న వల్ల ఈ మార్పు వచ్చిందో పిల్లల చేతనే చెప్పించండి. ఒక పీరియడు మొత్తం దీనికే ఖర్చయినా ఫరవాలేదు.

ఆ తర్వాత నియమం రెండు భాగాలుగా పెట్టండి. ప్రతి వ్యాఖ్యలోనూ నచ్చిన ఒక వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాయాలి, రచనలో జవాబు దొరకని ఒక ప్రశ్న వేయాలి. రచన చదవకుండా ఈ రెండూ చేయడం సాధ్యం కాదు. అక్షరదోషాలు ఎత్తిచూపడం వ్యాఖ్యల్లో నిషిద్ధం, అది మీ పని.

ఎవరి రచనకు ఎవరు వ్యాఖ్య రాయాలో వంతులు వేయండి. స్వేచ్ఛగా వదిలేస్తే తరగతిలో నలుగురికి ఇరవై చొప్పున వ్యాఖ్యలు వస్తాయి, మిగిలినవారికి ఒక్కటీ రాదు. ఒక్క వ్యాఖ్య కూడా రాని రచన గల విద్యార్థి మరుసటి వారం రాయడు.

8. దిద్దుబాటు, మార్కులు

తప్పులను అందరి ముందు, పోస్టు కింద దిద్దకండి. నోటుపుస్తకంలోనో, వ్యక్తిగతంగానో చెప్పండి. అందరిలోనూ కనిపించే ఒక తప్పును ఎంచుకుని, ఎవరి పేరూ చెప్పకుండా తరగతిలో చర్చించవచ్చు. రెండు వారాలకు ఒకే రకం తప్పు మీద దృష్టి పెట్టండి. అన్నీ ఒకేసారి దిద్దితే ఎర్ర సిరా తప్ప పిల్లలకు ఏమీ కనిపించదు.

లైకుల సంఖ్యకు మార్కులతో ఏ సంబంధమూ ఉండకూడదు. మార్కులు వేయక తప్పకపోతే చిత్తుప్రతికీ తుది ప్రతికీ మధ్య జరిగిన మార్పుకు సగం, తోటివారికి రాసిన వ్యాఖ్యల నాణ్యతకు పావు వంతు, తుది రచనకు పావు వంతు కేటాయించండి. ఈ లెక్క చూసి తల్లిదండ్రులు ఆశ్చర్యపోవచ్చు, అందుకే దీన్ని మొదటి రోజే రాసి ఇవ్వండి.

9. ఫోన్, ఇంటర్నెట్ లేని విద్యార్థులు

వీరు ఎందరున్నారో మొదలుపెట్టకముందే తెలుసుకోండి. చేతులెత్తమని అడగకుండా చీటీల మీద రాయించండి. ఎవరికీ ఫోన్ తప్పనిసరి కాని విధంగా పని రూపొందించాలి: రచన కాగితం మీద, పోస్టు చేయడం బడిలోని కంప్యూటరు మీద లేదా ఉపాధ్యాయుడి ద్వారా, వ్యాఖ్యలు చీటీల మీద. శుక్రవారం పోస్టు చేసినవన్నీ ముద్రించి తరగతి గోడకు అంటిస్తే, వాటి కింద చీటీలు అంటించేవారి సంఖ్య ఫోన్‌లో వ్యాఖ్యలు రాసేవారిని మించిపోవచ్చు కూడా.

10. తరచుగా వచ్చే చిక్కులు, వాటికి విరుగుడు

గ్రూపు మౌనంగా ఉంది. సాధారణంగా ప్రశ్న మరీ పెద్దదై ఉంటుంది. దాన్ని ఒక మనిషికి, ఒక గంటకు, ఒక వస్తువుకు కుదించండి.

ఇంట్లో పెద్దలు రాసి ఇస్తున్నారు. చిత్తుప్రతిని తరగతిలోనే రాయిస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

కృత్రిమ మేధ చేత రాయించారన్న అనుమానం. గుర్తింపు సాధనాలను నమ్ముకుని నిందవేయకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన గుర్తింపు సాధనాన్ని కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జూలైలో ఉపసంహరించుకుంది. చిత్తుప్రతి చూపించమనండి, గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే పాత ప్రతుల చరిత్ర తెరవండి, రచన గురించి రెండు నిమిషాలు మాట్లాడమనండి. నిజంగా రాసినవాడు ఆ రెండు నిమిషాల్లో రాయని సంగతులు కూడా చెబుతాడు.

మరొకరి రచనను నకలు చేశారు. మొదటిసారి శిక్షించకుండా, మూలం పేర్కొని ఒక వాక్యాన్ని ఎలా ఎత్తి రాయాలో నేర్పి, తిరగరాయించండి.

వెక్కిరింపు వ్యాఖ్య వచ్చింది. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచండి, ఆ తర్వాత వ్యాఖ్యను తొలగించండి. ముందు బాధపడిన విద్యార్థితో, తర్వాత రాసిన విద్యార్థితో విడివిడిగా మాట్లాడండి. మళ్ళీ జరిగితే విషయం ప్రధానోపాధ్యాయుడికీ తల్లిదండ్రులకూ చేరాలి.

రచనలో ఇంటి బాధ, హింస, ప్రాణం మీది విరక్తి వంటివి కనిపించాయి. దాన్ని పోస్టు చేయకండి, అలాగని పట్టించుకోకుండా వదిలేయకండి. అదే రోజు విద్యార్థితో ఏకాంతంగా మాట్లాడి, పాఠశాలలో పిల్లల రక్షణ బాధ్యత చూసేవారికి లేదా కౌన్సెలర్‌కు తెలియజేయండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి.

రాత్రి పదకొండింటికి సందేశాలు వస్తున్నాయి. గ్రూపు వేళలు ప్రకటించండి, ఆ వేళ దాటాక మీరు కూడా జవాబివ్వకండి. ఉపాధ్యాయుడే నియమం తప్పితే ఇక ఎవరూ పాటించరు.

11. గడువు ముగిశాక

☐ ప్రతి విద్యార్థి రచనలనూ, వాటికి వచ్చిన వ్యాఖ్యలనూ దించుకుని, ముద్రించి లేదా ఫైలుగా వారికే అందజేయండి.
☐ మొదటి వారపు రచన, ఆరో వారపు రచన పక్కపక్కన పెట్టి, తన రాతలో ఏమి మారిందో ఒక పేరా రాయమనండి. దీన్ని పోస్టు చేయనక్కరలేదు.
☐ పాఠశాల పత్రికకో, గోడపత్రికకో ఇవ్వదలిస్తే విద్యార్థిని, తల్లిదండ్రులను మళ్ళీ అడగండి. పాత అనుమతి దీనికి చెల్లదు.
☐ గ్రూపును మూసివేయండి, ఖాతాలోని పోస్టులను అనుమతి పత్రంలో రాసిన ప్రకారం తొలగించండి.
☐ కలం పేర్ల జాబితాను చింపేయండి.
☐ ఏ ప్రశ్నకు ఎక్కువ మంది రెండో ప్రతి రాశారో నమోదు చేసుకుని, తర్వాతి విడతను ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి.